ఆకు రంగు, ఫిల్మ్ రంగు

1990లో ఫ్యూజీ కంపెనీ వెల్వియా అనే స్లైడ్ ఫిల్మ్ విడుదల చేసింది. దాని వేగం ఐఎస్ఓ 50 మాత్రమే. కాస్త మబ్బు పడితే చాలు, ట్రైపాడ్ లేకుండా దృశ్యం మొత్తం స్ఫుటంగా రావడం కష్టం. అయినా కొద్దికాలంలోనే ప్రకృతి దృశ్యాలు తీసే ఫొటోగ్రాఫర్లలో చాలామంది దానివైపు మళ్ళారు. అంతకుముందు అచ్చయిన అమెరికన్ క్యాలెండర్లనూ ఆ తరవాత వచ్చిన వాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అక్టోబరు నెలే మారిపోయినట్టుంటుంది. మేపుల్ చెట్టు ఎరుపు చిక్కబడింది. దాని కింది గడ్డి నిగనిగలాడింది. వెనకాల ఆకాశం ముదురు నీలమైంది. చెట్లు అవే, కొండలు అవే, ఋతువూ అదే. మారింది ఫిల్మ్.

రాలబోయే ఆకులను స్లైడ్ ఫిల్మ్ మీద తీయడం గురించి ఫొటోగ్రాఫర్ల మధ్య దశాబ్దాలుగా నడుస్తున్న వాదాలన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. స్లైడ్ మీద కనబడే రంగులో ఆకు వాటా ఎంత, ఫిల్మ్ వాటా ఎంత? ఏ ఫిల్మ్ మంచిది, ఏ ఫిల్టర్ పెట్టాలి, ఎక్స్‌పోజర్ ఎంత ఇవ్వాలి అన్న తగాదాలు ఈ ప్రశ్నలోంచి పుట్టినవే. వాటిని ఒకచోట చేర్చి తూచి చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫిల్మ్ ఎంపిక మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా వెలుగు ఎంపిక మీద పెట్టకపోవడంతో ఈ చర్చ చాలాకాలం పక్కదారి పట్టింది. స్లైడ్ ఫిల్మ్ రంగును పెంచుతుందన్న పేరు నిజమే. కానీ దాని అసలు బలం, పొరపాటు వెలుగును క్షమించకపోవడం.

స్లైడ్ అంటే మనలో చాలామందికి సినిమా హాల్లో ఇంటర్వెల్లో వేసిన ప్రకటనలు గుర్తొస్తాయి. ఫొటోగ్రఫీలో స్లైడ్ అంటే కెమెరాలో తిరిగిన ఫిల్మే కడిగాక నేరుగా బొమ్మ కావడం. నెగెటివ్‌లో రంగులు తలకిందులుగా ఉంటాయి. దాన్నుంచి ప్రింటు వేసేటప్పుడు ల్యాబు మనిషి వెలుగునూ రంగునూ సరిదిద్దుతాడు. మన పెళ్ళి ఆల్బములన్నీ అలా ఎవరో దిద్దినవే. స్లైడ్‌కు ఆ రెండో చేయి లేదు. షటర్ నొక్కిన క్షణంలో ఏది పడిందో అదే లైట్ బాక్స్ మీదికి వస్తుంది. పైగా అది భరించగలిగిన వెలుగునీడల తేడా దాదాపు ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). నెగెటివ్ దానికి దాదాపు రెట్టింపు తట్టుకుంటుంది. ఎండా నీడా కలిసిన అడవిని స్లైడ్ మీద తీస్తే ఎండ పడిన ఆకు తెల్లగా పేలిపోతుంది, లేదా నీడలోని మాను నల్లటి మచ్చ అవుతుంది. రెండూ ఒకేసారి కూడా జరుగుతాయి.

ఫిల్మ్ సంగతి చూసేముందు ఆకు సంగతి చూడాలి. వేసవి అంతా ఆకులో పత్రహరితం విరుగుతూ, మళ్ళీ తయారవుతూ ఉంటుంది. పగటి పొద్దు తగ్గి రాత్రులు చల్లబడ్డాక చెట్టు ఆ తయారీ ఆపేస్తుంది. ఆకులోని నత్రజనిని, మరికొన్ని పోషకాలను కొమ్మల్లోకి లాక్కుంటుంది. ఆకుపచ్చ తగ్గేకొద్దీ దాని చాటున ఉన్న కెరోటినాయిడ్ల పసుపు, నారింజ బయటపడతాయి. ఆస్పెన్, బర్చ్ చెట్ల బంగారు రంగు ఇదే. ఎరుపు ఇలా బయటపడేది కాదు, అప్పటికప్పుడు పుట్టేది. ఆకు మొదట్లో, తొడిమ కొమ్మను కలిసేచోట ఒక పొర ఏర్పడి చక్కెరలు కిందికి దిగడం తగ్గిపోతుంది. ఆకులో నిలిచిపోయిన ఆ చక్కెరలతో, ఎండ సాయంతో ఆంథోసయనిన్లు తయారవుతాయి. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి వరసగా ఉంటే ఆ ఏడాది ఎరుపు విరగకాస్తుంది. ముసురు పట్టిన ఏడాది మందగిస్తుంది. ఆ తరవాత మిగిలేది టానిన్ల గోధుమ రంగు. ఓక్, బీచ్ చెట్లు దాన్ని చాలా రోజులు మోస్తాయి.

రాలిపోయే ఆకు కోసం చెట్టు ఇంత ఖర్చుపెట్టి ఎర్రరంగు ఎందుకు చేసుకుంటుందన్నది ఇంకా తేలని ప్రశ్న. పత్రహరితం పోయిన ఆకుకు ఎండ దెబ్బ తగలకుండా, పోషకాలన్నీ వెనక్కి తీసుకునేదాకా ఆంథోసయనిన్ గొడుగు పడుతుందని వృక్షశాస్త్రవేత్తల్లో ఒక పక్షం. జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్, శామ్ బ్రౌన్ 2001లో అచ్చయిన పత్రంలో వేరే మాట చెప్పారు. గుడ్లు పెట్టడానికి వచ్చే పేను పురుగులకు ఈ చెట్టు గట్టిదని రంగు హెచ్చరిస్తుందని వాళ్ళ ఊహ. ఫొటోగ్రాఫర్‌కు మొదటి వాదం ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే ఎరుపు వెలుగును అంటిపెట్టుకుని ఉంటుందని అది గుర్తుచేస్తుంది. ఒకే మేపుల్ చెట్టులో ఎండవైపు కొమ్మలు ఎర్రగా, లోపలి కొమ్మలు పసుపుగా ఉంటాయి. ఒక ఆకు మీద మరొకటి అడ్డం పడితే, ఆ నీడ పడిన మేర పసుపు మిగిలి, పై ఆకు ఆకారం కింది ఆకు మీద అచ్చుపడటం కూడా చూడవచ్చు. కెమెరా రాకముందే ఆకు తన మీద పడిన వెలుగును రాసిపెట్టుకుంటోందన్నమాట.

ఈ రంగులను శ్రద్ధగా చూడటం నేర్పినవాళ్ళలో హెన్రీ డేవిడ్ థోరో ముందుంటాడు. శరత్కాలపు రంగుల మీద ఆయన రాసిన వ్యాసం 1862 అక్టోబరులో, ఆయన పోయిన కొద్ది నెలలకు, అట్లాంటిక్ మంత్లీ పత్రికలో వచ్చింది. ఒక్కో చెట్టు ఆకు రంగు మారే వేళకు ఒక్కో ఆకు తీసుకుని, దాని ఆకారం గీసి, అదే రంగు అద్ది పుస్తకంగా కట్టాలన్న కోరిక అందులో చెప్పుకున్నాడు. ఆ కోరిక తీరడానికి కావలసిన సాధనం దాదాపు డెబ్భై ఏళ్ళ తరవాత వచ్చింది.

అదే కోడాక్రోమ్. దాన్ని కనిపెట్టిన ఇద్దరూ సంగీత విద్వాంసులే. లియొపోల్డ్ మానెస్ పియానో వాయించేవాడు, లియొపోల్డ్ గొడౌస్కీ వయొలిన్. 1935లో సినిమా ఫిల్ముగా, మరుసటి ఏడాది 35 మిల్లీమీటర్ల స్లైడ్‌గా కోడక్ దాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ ఫిల్మ్‌లో రంగు పదార్థాలు ముందే ఉండవు, కడిగేటప్పుడు ఒక్కో పొరలోకి ఎక్కిస్తారు. అందువల్ల పొరలు పలచన, బొమ్మ మహా స్ఫుటం. కానీ కడగడం ఇంట్లోనో చిన్న ల్యాబులోనో అయ్యే పని కాదు. 1974లో వచ్చిన కోడాక్రోమ్ 25, కోడాక్రోమ్ 64 ఆ వరసలో చివరి పెద్ద తరం. వాటిలో ఎరుపు నిండుగా, లోతుగా వచ్చేది. ఆకుపచ్చ కాస్త అణిగి ఉండేది. శరత్కాలానికి ఆ పొందిక బాగా కుదిరింది. ఆకుపచ్చ వెనక్కి తగ్గి చోటిస్తేనే ఎరుపు ముందుకొస్తుంది. 1946లో మొదలైన ఎక్టాక్రోమ్‌లో రంగు పదార్థాలు ఫిల్ములోనే ఉంటాయి కాబట్టి ఎక్కడి ల్యాబులోనైనా కడగవచ్చు. 1970ల నడుమ వచ్చిన ఈ-6 పద్ధతి ఇప్పటికీ అన్ని స్లైడ్ ఫిల్ములకూ నడుస్తోంది. వెల్వియా కూడా ఈ-6 ఫిల్మే. అంటే కోడాక్రోమ్‌కు దగ్గరి స్ఫుటత్వం, అంతకుమించిన రంగు, పైగా అదే రోజు కడిగి చూసుకునే సౌకర్యం. వృత్తి ఫొటోగ్రాఫర్లు అటు మొగ్గారంటే ఆశ్చర్యం లేదు.

వెల్వియా రంగు అబద్ధమని ఒక పక్షం, మనసుకు గుర్తున్న రంగు అదేనని మరో పక్షం. నేను మొదటి పక్షానికి కాస్త దగ్గరగా ఉంటాను, కానీ వాళ్ళు చెప్పే కారణంతో కాదు. ఏ ఫిల్మూ ఆకు రంగును ఉన్నదున్నట్టు పట్టదు. మూడే మూడు రంగు పొరలతో, పసుపు, మెజెంటా, సయన్‌లతో లోకమంతా గీయాలి. కోడాక్రోమ్ అణచిన ఆకుపచ్చ కూడా అబద్ధమే. వెల్వియాతో నాకున్న పేచీ అది చిన్న తేడాలను మింగేస్తుందని. వెర్మాంట్ కొండమీద అక్టోబరు మొదట్లో ఒకే ఎరుపు ఉండదు. ఎర్ర మేపుల్ ముదురు ఎరుపు, చక్కెర మేపుల్ నారింజలోకి దిగే ఎరుపు, సుమాక్ పొదల ఊదా కలిసిన ఎరుపు, ఇంకా సగం ఆకుపచ్చ మిగిలిన కొమ్మల ఇటుక రంగు, ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఎండలో తీసిన వెల్వియా స్లైడ్ మీద ఇవి ఒక్క ఎరుపులోకి కలిసిపోతాయి. ఎక్కువ రంగు కావాలనుకున్నవాడికి చివరికి తక్కువ రంగులు దక్కుతాయి. ఇదే ఫిల్మ్‌ను మబ్బు కింద వాడితే కథ వేరు. వెలుగు మెత్తబడ్డప్పుడు వెల్వియా ఎంత బిగువు తెచ్చినా తేడాలు బతికి ఉంటాయి. కాబట్టి దాన్ని తప్పుపట్టే ముందు ఏ వెలుగులో తీశారో అడగాలి.

ఎక్స్‌పోజర్ విషయంలో పాత పుస్తకాలు చెప్పే సూత్రం ఒకటుంది: స్లైడ్‌కు అర స్టాపు తక్కువ ఇస్తే రంగు చిక్కబడుతుంది. చాలామంది దీన్ని కళ్ళు మూసుకుని పాటించారు. ఇది ఎరుపుకు సరిపోతుంది, పసుపుకు సరిపోదు. స్లైడ్ మీద ఎరుపు అంటే పసుపు, మెజెంటా పొరలు రెండూ దట్టంగా ఉండటం. కాస్త తక్కువ వెలుగిస్తే అవి ఇంకా దట్టమై రంగు లోతుగా వస్తుంది. ఆస్పెన్ ఆకు పసుపు అలా కాదు. దాని ప్రాణమంతా తేటదనంలో ఉంది. అర స్టాపు తగ్గిస్తే ఆవపిండి రంగులోకి దిగుతుంది, ఒక స్టాపు తగ్గిస్తే బురద. వెలుగు కొలిచే మీటర్ ఏ వస్తువునైనా నడిమి బూడిదరంగుగానే లెక్కకడుతుంది. పసుపు ఆకు అంతకన్నా వెలుగైనది. కాబట్టి ఆకు మీద స్పాట్ మీటర్ పెట్టి చూసినప్పుడు ఆ లెక్కకు అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా కలపాలి. మరీ కలిపితే పసుపు నిమ్మతొక్క రంగుకు పాలిపోయి, ఆ పైన తెల్లనవుతుంది. ముదురు ఎరుపుకు మీటర్ చెప్పినంతే ఇవ్వాలి, లేదా మూడోవంతు స్టాపు తగ్గించాలి. ఎరుపూ పసుపూ కలిసిన అడవి స్లైడ్ మీద ఎందుకంత కష్టమో ఇందులోనే ఉంది. రెంటికీ ఒకే ఎక్స్‌పోజర్ నప్పదు. అందరూ చేసినట్టు మూడు నాలుగు రకాలుగా తీసి తరవాత ఎంచుకోవచ్చు. ఏ రంగు కోసం తీస్తున్నామో ముందే తేల్చుకుని రెండోదాన్ని అంచుకు జరపడం అంతకన్నా మంచి పని. స్లైడ్ మీద గొప్పగా నిలిచిన శరత్కాల చిత్రాల్లో ఎక్కువ భాగం ఒక రంగు రాజ్యమేలేవే.

ఇక వెలుగు. ఇక్కడ రెండు పెద్ద సంప్రదాయాలు ఎదురెదురుగా నిలుచుంటాయి.

మొదటిది ఎలియట్ పోర్టర్‌ది. హార్వర్డ్‌లో వైద్యం చదివి, దాన్ని వదిలి ఫొటోగ్రఫీలోకి వచ్చిన మనిషి. పెద్ద సైజు షీట్ ఫిల్మ్ మీద రంగు స్లైడ్లు తీసి, వాటినుంచి డై ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో తన ప్రింట్లు తానే వేసుకునేవాడు. 1962లో సియెరా క్లబ్ ఆయన చిత్రాలను థోరో వాక్యాలతో జతచేసి పెద్ద పుస్తకంగా వేసింది. న్యూ ఇంగ్లండ్ ఋతువులన్నీ అందులో ఉన్నాయి. పోర్టర్ ఎక్కువగా మబ్బు వెలుగులో, నీడలో పనిచేశాడు. ఆకాశం చాలా చిత్రాల్లో కనిపించదు. నేలమీద రాలిన ఆకులు, నీటిమీద తేలే ఆకులు, బర్చ్ మానుల వెనక పలచటి ఎర్ర తెర. దేనిమీదా గట్టి నీడ పడదు కాబట్టి ఐదు స్టాపుల ఇరుకు ఆయనకు అడ్డం కాలేదు. ప్రతి ఆకూ తన రంగు తాను చెప్పుకుంటుంది.

రెండోది గేలన్ రోవెల్‌ది. కొండలెక్కేవాడు, 35 మిల్లీమీటర్ల కెమెరా మెడలో వేసుకుని పరుగెత్తేవాడు. మొదట కోడాక్రోమ్ 25, తరవాత వెల్వియా. ఆయనకు పొద్దు పొడుపు, పొద్దు కుంకుడు, కొండ అంచున మండే వెలుగు కావాలి. ఫిల్మ్ కంటిలా చూడదని, ఫిల్మ్ చూపును ఫొటోగ్రాఫర్ ముందే ఊహించుకోవాలని ఆయన పదే పదే చెప్పాడు. 1986లో వచ్చిన ఆయన పుస్తకం మౌంటెన్ లైట్ ఒక తరాన్ని తయారుచేసింది. ఆకాశం మెరుపును తగ్గించడానికి సగం నల్లగా, సగం తేటగా ఉండే ఫిల్టర్లను జనంలోకి తెచ్చినవాళ్ళలో ఆయనొకరు.

ఆకుల విషయంలో నేను పోర్టర్ వైపే. రోవెల్ వెలుగులో కొండ గెలుస్తుంది, ఆకు తన రంగు కోల్పోతుంది. పొద్దుకుంకే ఎర్రటి వెలుగు పడితే పసుపు ఆకూ ఎర్ర ఆకూ ఒకే కాషాయంలో మునుగుతాయి. కానీ ఒక్క సందర్భంలో ఎండ తప్పనిసరి. సూర్యుడు ఆకు వెనక ఉండి, వెలుగు ఆకులోంచి దూరి కెమెరాకు చేరినప్పుడు రంగు రెట్టింపవుతుంది. ఆకు పైపొర మీద మైనం లాంటి పూత ఉంటుంది. ముందునుంచి పడే వెలుగులో కొంత ఆ పూత మీద తెల్లగా మెరిసి రంగును పలచన చేస్తుంది. వెనకనుంచి వచ్చే వెలుగులో ఆ మెరుపు కలవదు. స్లైడ్ కూడా వెలుగు తనలోంచి దూరితేనే కనబడే వస్తువు కదా. ఎదురు ఎండలో వెలిగే ఆకును ప్రొజెక్టర్ వేసి చీకటి గదిలో చూస్తే కలిగే అనుభవం కాగితం మీద ఏ ప్రింటులోనూ నాకు దొరకలేదు.

ఇదంతా రంగు గురించే అనుకునేవాళ్ళు ఆన్సెల్ ఆడమ్స్ 1958లో ఉత్తర న్యూ మెక్సికోలో తీసిన ఆస్పెన్ చెట్ల చిత్రం చూడాలి. శరత్కాలపు పసుపు ఆకులు, తీసింది నలుపు తెలుపులో. చీకటి అడవి ముందు ఒక చిన్న చెట్టు ఆకులు తెల్లగా వెలుగుతాయి. రంగు లేకుండానే పసుపు తేటదనం తెలుస్తుంది. వెలుగు కుదిరితే రంగు రెండో విషయమని ఇంతకన్నా బాగా చెప్పే సాక్ష్యం లేదు.

ముందు చెప్పిన మైనపు మెరుపును తీసేయడానికి పోలరైజర్ ఫిల్టర్ ఉంది. శరత్కాలానికి నిజంగా అవసరమైన ఫిల్టర్ ఇదొక్కటే అంటాను. వానకు తడిసిన ఆకుల మీద దీని పని చూడాలి. కంటికి బూడిదగా కనిపించే కొమ్మ, ఫిల్టర్ తిప్పగానే రంగు దేరుతుంది. ఎండున్న రోజుల్లో వైడ్ లెన్సుతో వాడితే ఆకాశం ఒకవైపు నల్లగా, ఒకవైపు తెల్లగా వస్తుంది. ఆకాశాన్ని వదిలేసేవాడికి ఆ బెడద లేదు. 81ఎ, 81బి అనే లేత పసుపు ఫిల్టర్లకు కూడా న్యాయమైన పనుంది. పగటి ఫిల్ములన్నీ 5500 కెల్విన్ వెలుగుకు సరిచేసి ఉంటాయి. నీలాకాశం కింది నీడ అంతకన్నా చాలా నీలం. మన కన్ను దానికి తనంతట తాను సర్దుకుంటుంది, ఫిల్మ్ సర్దుకోదు. నీడలోని పసుపు ఆకు స్లైడ్ మీద ఆకుపచ్చ సోకినట్టు రావడానికి అదే కారణం. డిడీమియం గాజుతో చేసిన ఎన్‌హాన్సింగ్ ఫిల్టర్లు మాత్రం వేరే జాతి. అవి పసుపు, నారింజల నడుమ ఉన్న సన్నటి పట్టీని మింగి ఎరుపును విడిగా ఎత్తి చూపుతాయి. 1980, 90లలో వాటికి గొప్ప గిరాకీ ఉండేది. వాటితో తీసిన స్లైడ్లలో మబ్బులు గులాబీ రంగు తేలుతాయి, చెట్టు బెరడు కూడా. అలాంటిదాన్ని వెల్వియా మీద వాడటానికి ఒక్క మంచి కారణం నాకు కనబడదు.

మబ్బు వెలుగు, నెమ్మది ఫిల్మ్, పోలరైజర్ మూడూ కలిస్తే సమయం ఎంత సాగుతుందో లెక్క వేద్దాం. దట్టమైన మబ్బు కింద ఐఎస్ఓ 50కి ఎఫ్/5.6 దగ్గర సెకనులో యాభయ్యో వంతు. దగ్గరి ఆకూ దూరపు మానూ రెండూ స్ఫుటంగా రావాలంటే ఎఫ్/16 కావాలి, అంటే ఆరో వంతు. పోలరైజర్ రెండు స్టాపులు తింటుంది, సెకనులో మూడింట రెండు వంతులు. చెట్ల గొడుగు కిందికి వెళితే ఇంకో రెండు స్టాపులు, దాదాపు మూడు సెకన్లు. ఇంతసేపు ఆకు కదలకుండా ఉండాలి. ఆస్పెన్ ఆకు తొడిమ పక్కలనుంచి నొక్కినట్టు చదునుగా ఉంటుంది కాబట్టి చిన్న గాలికే గిలగిలా కొట్టుకుంటుంది. శరత్కాలపు ఫొటోగ్రాఫర్లు తెల్లవారుజామునే లేచేది బంగారు వెలుగు కోసమని చదువుతుంటాం. ఎక్కువగా వాళ్ళు లేచేది గాలి పడిపోయిన ఆ గంట కోసం.

మూడు నాలుగు సెకన్ల దగ్గర ఫిల్మ్ కూడా మొరాయించడం మొదలుపెడుతుంది. వెలుగు సగమై సమయం రెట్టింపైతే ఫలితం ఒకటే కావాలి. సుదీర్ఘ ఎక్స్‌పోజర్లలో ఆ లెక్క తప్పుతుంది, మూడు పొరలూ ఒకేలా తప్పవు. వెల్వియా 50కి నాలుగు సెకన్లనుంచే అదనపు వెలుగు, మెజెంటా ఫిల్టరు కావాలని, 64 సెకన్లూ ఆపైన ఎక్స్‌పోజర్లు వద్దని ఫ్యూజీ సూచనల కాగితమే చెబుతుంది. ఆ ఫిల్టర్ లేకపోతే స్లైడ్ ఆకుపచ్చకు ఒరుగుతుంది. 2000లో వచ్చిన ప్రోవియా 100ఎఫ్ రెండు నిమిషాల దాకా దిద్దుబాటు అడగదు. అడవి లోపల, వాగు పక్కన, రాలిన ఆకులు తీయడానికి నా ఓటు దానికే. రంగు నిదానంగా ఉంటుంది, పసుపుల మధ్య తేడా నిలుస్తుంది. దానికి దక్కాల్సిన పేరు దక్కలేదు.

ఋతువు ఒక్కో చోట ఒక్కోసారి వస్తుంది. కొలరాడో ఆస్పెన్లు సెప్టెంబరు చివరి పది రోజుల్లో, వెర్మాంట్ ఉత్తర భాగం సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, స్మోకీ పర్వతాల దిగువ భాగాలు అక్టోబరు చివర, క్యోటో మేపుల్‌లు నవంబరు రెండో సగంలో. న్యూ హాంప్‌షైర్‌లో లింకన్ నుంచి కాన్వే వెళ్ళే కాంకమాగస్ రహదారి మీద అక్టోబరు శని, ఆదివారాల్లో న్యూ జెర్సీ, మసాచుసెట్స్ నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు కూడా కనిపిస్తాయి. మసాచుసెట్స్‌లోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1990ల మొదటినుంచి అవే చెట్లను గమనిస్తూ ఆకు రంగు మారే తేదీలు రాస్తున్నారు. వేడి పెరిగేకొద్దీ ఆ తేదీలు మారడం శాస్త్రవేత్తలకు పెద్ద పరిశోధనాంశం. తేదీ వేసి దాచుకున్న పాత స్లైడ్లు ఈ పనికి సాక్ష్యాలుగా ఉపయోగపడతాయి. క్యాలెండర్ల కోసం తీసినవాటికన్నా, ఏటా అదే కిటికీలోంచి అదే చెట్టును తీసిన మామూలు మనిషి డబ్బాలోవి ఎక్కువ విలువైనవి.

ఆ డబ్బాలు ఎన్నాళ్ళు నిలుస్తాయన్నది తరవాతి ప్రశ్న. హెన్రీ విల్హెల్మ్ 1993లో వేసిన పెద్ద పుస్తకం దీనికి ఇప్పటికీ ఆధారం. కోడాక్రోమ్ చీకట్లో దాస్తే అన్నిటికన్నా ఎక్కువకాలం నిలుస్తుంది, ప్రొజెక్టర్ దీపం ముందు మాత్రం త్వరగా వెలుస్తుంది. 1950, 60ల నాటి ఎక్టాక్రోమ్‌లు చాలావరకు మెజెంటాలోకి తిరిగిపోయాయి. వాటిలోని శరత్కాలాన్ని ఇప్పుడు చూసి ఆనాటి ఎరుపు ఇంతేననుకోకూడదు. ప్రింట్ల సంగతి మరీ బాధాకరం. పోర్టర్ వాడిన డై ట్రాన్స్‌ఫర్ సామగ్రి తయారీని కోడక్ 1990ల మొదట్లో ఆపేసింది. స్లైడ్ నుంచి నేరుగా ప్రింటు వేసే సిబాక్రోమ్ 1963లో మొదలై, ఇల్ఫోక్రోమ్ పేరుతో నడిచి, 2010ల మొదట్లో ముగిసింది. ఓరెగాన్‌లో ఉండే క్రిస్టఫర్ బర్కెట్ ఎనిమిదికి పది అంగుళాల స్లైడ్ల మీద శరత్కాలపు అడవులు తీసి సిబాక్రోమ్ మీద స్వయంగా ప్రింట్లు వేసుకున్న మనిషి. ఆ కాగితం ఆగిపోతుందని తెలిసి నిల్వ చేసుకుని పని సాగించాడు. ఆయన ప్రింట్లలో వేల ఆకులు దేనికది విడిగా ఉంటాయి. స్లైడ్ ఫిల్మ్ శరత్కాలానికి చేయగలిగిన పని అంచు అక్కడుందని నా నమ్మకం.

ఫిల్ములు కూడా ఒక్కొక్కటే రాలాయి. కోడాక్రోమ్ తయారీ 2009లో ఆగింది. దాన్ని కడిగే చివరి ల్యాబు, కాన్సస్ రాష్ట్రం పార్సన్స్‌లోని డ్వేన్స్ ఫొటో, 2010 డిసెంబరు 30తో రీళ్ళు తీసుకోవడం ఆపేసింది. ఎక్టాక్రోమ్ 2012లో ఆగి, 2018లో ఈ100గా తిరిగొచ్చింది. వెల్వియా 100ను పొరల్లో ఉన్న అతి స్వల్పమైన ఒక రసాయనం మీద వచ్చిన నిబంధన వల్ల 2021లో అమెరికా బజారునుంచి తీసేశారు. ఫ్యూజీ డిజిటల్ కెమెరాల్లో ఇప్పుడు వెల్వియా పేరుతోనే ఒక ఎంపిక ఉంటుంది. అది ఎంచుకుంటే ఆ బిగువు వస్తుంది, ఆ ఇరుకు రాదు. ఇరుకు లేకపోతే వెలుగు కోసం ఆగాల్సిన పనే లేదు. ఈ తేడాను చిన్నదని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఐదు స్టాపులే ఉన్నాయని తెలిసిన మనిషి నడిచే దారి వేరు, నిలబడే చోటు వేరు.

మన దేశంలో ఈ పనికి మొదటి చోటు కశ్మీర్. అక్టోబరు చివరనుంచి నవంబరు నడుమ దాకా చినార్ ఆకు పసుపులోంచి తేనెరంగులోకి, అక్కడినుంచి తుప్పు ఎరుపులోకి దిగుతుంది. శ్రీనగర్‌లో కశ్మీర్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న నసీమ్ బాగ్ మొగలుల కాలం నాటి చినార్ తోట. రాలిన ఆకులను కాల్చి కాంగిడీలనే నిప్పుకుండల కోసం బొగ్గు చేసుకుంటారు. ఆ పొగ ఉదయపు ఎండను మెత్తబరిచి స్లైడ్ ఫిల్మ్‌కు సరిపడే వెలుగు చేస్తుంది. కోడాక్రోమ్‌తో భారతదేశాన్ని తీసిన రఘువీర్ సింగ్ కశ్మీర్ మీద ఒక పుస్తకమే చేశాడు.

తెలుగు నేల మీద ఆకు రాలేది శిశిరంలో, ఎక్కువ చెట్లు గోధుమ రంగులోనే రాలుస్తాయి. నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో టేకు ఆకు పెళపెళలాడే మాసిన పసుపు. మన ఎరుపు ఎక్కువగా చిగుళ్ళలో ఉంటుంది. మామిడి, రావి, కుసుమ చెట్ల లేత ఆకుల్లో ఉన్నది ఆంథోసయనిన్లే. ముసలి ఆకుగా నిజంగా ఎర్రబడేది మన వీధుల్లోని బాదం చెట్టు. చలికాలం చివర దాని పెద్ద ఆకులు ఒక్కొక్కటిగా పసుపు, నారింజ, ముదురు ఎరుపు అవుతాయి. అడవి దృశ్యం అక్కడ దొరకదు, ఒక్కో ఆకునే తీయాలి. ఈ100 ఫిల్మ్‌తో, ఉదయం తొమ్మిదిలోపు, సూర్యుడికి ఎదురుగా నిలబడి, వెనకాల నీడలో ఉన్న గోడో మానో వచ్చేలా చూసుకోవాలి. వెలుగు దూరుతున్న ఆకు మీదే స్పాట్ మీటర్ పెట్టి, ఎరుపైతే అది చెప్పినంతే, పసుపైతే అర స్టాపు కలిపి ఇవ్వాలి. కొమ్మ కదలకపోతే ట్రైపాడ్ మీద ఎఫ్/11 చాలు, ఈనెలన్నీ పడతాయి. ఈ-6 కడిగే ల్యాబులు ఇప్పుడు మన దగ్గర అరుదు. ముందు ల్యాబు ఎక్కడుందో కనుక్కుని, ఆ తరవాత రీలు కొనండి.